అమ్మకు వచ్చింది జలుబా, ఫ్లూనా?
మాది గుంటూరు, బ్రాడీపేట. అమ్మకు 67 ఏళ్లు, షుగర్ ఉంది. నిన్న మధ్యాహ్నం దాకా బాగానే ఉంది. సాయంత్రానికి ఒక్కసారిగా చలి, 102 జ్వరం, ఒళ్లంతా నొప్పులు, పొడి దగ్గు. తుమ్ములు, ముక్కు కారడం పెద్దగా లేవు. పోయిన వారం నాకు వచ్చింది మామూలు జలుబే, గొంతు గరగరతో మెల్లగా మొదలై ముక్కు దిబ్బడతో పోయింది, జ్వరం రాలేదు. అందుకే ఇది వేరేదనిపిస్తోంది.

మందుల షాపులో యాంటీబయాటిక్ ఇస్తామన్నారు. వైరస్‌కు అది పనిచేయదు కదా అని తీసుకోలేదు, పారాసెటమాల్ మాత్రమే వేశాను. ఫ్లూ అయితే ఒసెల్టామివిర్ అనే ఫ్లూ వైరస్ మందు మొదటి 48 గంటల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుందట. రాత్రంతా మూలుగుతూనే ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది. ముందు టెస్ట్ చేయించాలా, నేరుగా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలా? ఆయాసం కాకుండా ఇంకేం కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.