చూడి కుక్క ఈనుతున్నప్పుడు మనిషి చెయ్యి వేయవచ్చా, దూరంగా ఉండాలా?

మల్కాజిగిరి గృహిణి:

మా ఇంటి మెట్ల కింద రెండేళ్లుగా ఉంటున్న వీధికుక్క చూడితో ఉంది. మా పిల్లలు దానికి గౌరి అని పేరు పెట్టారు. చిత్తకార్తెలో, అంటే అక్టోబరు 14 ప్రాంతంలో అది జతకట్టడం మా వీధివారు చూశారు కాబట్టి, తొమ్మిది వారాల లెక్కన ఈ వారంలోనే ఈనాలి. నిన్న సాయంత్రం నుంచి అన్నం ముట్టడం లేదు, వేసిన గోనెసంచిని గీరి గీరి గుంట చేస్తోంది.

ఇంట్లో మాత్రం ఏకాభిప్రాయం లేదు. ఊళ్లో కుక్కల మధ్య పెరిగిన మా మామగారు "కుక్కకు మంత్రసాని ఎందుకమ్మా, దాని జోలికి పోకండి" అంటున్నారు. మా పెద్దమ్మాయి దానిని లోపలి గదిలోకి తెచ్చి, పిల్లలు పుట్టగానే తుడిచి, బొడ్డుతాడు కోసి, సీసాతో ఆవుపాలు పట్టాలంటోంది. పక్కింటివారు బలానికని కాల్షియం మాత్రలు ఇచ్చారు, నాలుగు రోజులుగా వేస్తున్నాను. డిసెంబరు చలి చూస్తే నాకు భయంగా ఉంది. అనుభవం ఉన్నవారు ఏది మంచిదో చెప్పగలరు.

బోయిన్‌పల్లి పాతకాపు:

అమ్మా, మీ మామగారి మాటే నా మాట. పిల్ల పుట్టగానే పైనున్న పొరను పళ్లతో చీల్చడం, బొడ్డుతాడు కొరకడం, ఊపిరి అందేదాకా నాకడం తల్లికి పుట్టుకతో వచ్చిన పనులు. మనుషులు చుట్టూ చేరితే కుక్క బెదురుతుంది, బెదిరిన కుక్కకు నొప్పులు నడుమ నిలిచిపోతాయి. మా వీధిలో రెండేళ్ల కిందట ఒక కుక్క ఈనుతున్నప్పుడు కుర్రవాళ్లు ఫోన్ల లైట్లు వేసి గుమిగూడారు. అది ఆ రాత్రే పిల్లలను ఒక్కొక్కటిగా నోట కరుచుకుని నాలా ఒడ్డుకు మార్చింది. తెల్లవారేసరికి ఆరింటిలో రెండే మిగిలాయి. ప్రేమతో చేసిన పనే వాటి ప్రాణం తీసిందని నేను ఇప్పటికీ నమ్ముతాను. నీళ్ల గిన్నె పెట్టి, గాలి కొట్టకుండా అట్టపెట్టె అడ్డం పెట్టి, తలుపు దగ్గరికి వేసి పడుకోండి.

నాచారం నివాసి:

పెద్దలు పడుకోమంటున్నారు, నేను అలా పడుకునే మూడు పిల్లలను పోగొట్టుకున్నాను. మాది పగ్ జాతి కుక్క. అర్ధరాత్రి దాటాక ముదురు ఆకుపచ్చ ద్రవం కారింది, పిల్ల మాత్రం రాలేదు. "తల్లికి అన్నీ తెలుసు" అనే మాట చిన్నప్పటి నుంచి విన్నందువల్ల తెల్లవారేదాకా ఆగాను. ఆసుపత్రికి చేరేసరికి లోపల మూడు పిల్లలు చనిపోయి ఉన్నాయి, తల్లిని శస్త్రచికిత్సతో బతికించారు. ఆ ఆకుపచ్చ రంగు మాయ గర్భసంచి నుంచి ఊడుతోందనడానికి గుర్తని, మొదటి పిల్ల రాకముందే అది కనబడితే గంటలు లెక్కపెట్టే సమయం లేదని ఆ తరువాత తెలిసింది. నా మాట వింటే, తొలిచూలు కుక్కనైతే నొప్పులు మొదలు కాగానే ఆసుపత్రిలో ఉంచడమే క్షేమం.

ఉప్పల్, విశ్రాంత పశువైద్య సహాయకుడు:

పశువైద్యశాలల్లో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. పై ఇద్దరి అనుభవమూ నిజమే, కానీ రెండు వేర్వేరు కుక్కల అనుభవాలను అన్ని కుక్కలకూ అన్వయిస్తున్నారు. పగ్, బుల్‌డాగ్ వంటి చప్పిడి ముక్కు జాతుల్లో పిల్ల తల పెద్దదిగా, తల్లి కటి ఇరుకుగా ఉంటుంది, మూతి పొట్టిగా ఉండటం వల్ల పొర చీల్చడం, బొడ్డు కొరకడం కూడా కష్టమవుతుంది. వాటికి ముందే ఆసుపత్రి ఏర్పాటు చేసుకోవాలి. గౌరి వంటి నాటుకుక్కలు సాధారణంగా ఎవరి సాయమూ లేకుండానే ఈనుతాయి. అందువల్ల నేను పాతకాపు గారితో ఏకీభవించి చెయ్యి దూరంగా ఉంచమంటాను, ఆయనతో విభేదించి పడుకోవద్దంటాను. ఒక్కరే, తనకు రోజూ అన్నం పెట్టే మనిషే, ఆరేడు అడుగుల దూరంలో చప్పుడు చేయకుండా కూర్చుని గడియారం చూసి రాసుకోవాలి.

ఏమి రాసుకోవాలో చెబుతాను. కుక్క మామూలు ఒంటి వేడి 101 నుంచి 102 డిగ్రీల ఫారన్‌హీట్ వరకు ఉంటుంది, ఈనడానికి ముందు 24 గంటల లోపల అది 99 కిందికి దిగుతుంది. మలద్వారంలో థర్మామీటరు పెట్టనిస్తే చూడండి, పెట్టనివ్వకపోతే బలవంతం చేయకండి, ఎందుకంటే గోనెసంచి గీరడం, అన్నం మానడం, వగర్చడం, వణకడం అదే కబురు చెబుతున్నాయి. ఈ దశ 6 నుంచి 12 గంటలు, తొలిచూలుకు ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఆ తరువాత పొట్ట బిగించి గట్టిగా ముక్కడం మొదలవుతుంది, అక్కడి నుంచి నిమిషాలు లెక్క. గట్టిగా ముక్కుతూ అరగంట గడిచినా పిల్ల రాకపోతే వైద్యుడికి ఫోను చేయాలి. ఒక పిల్లకూ మరొక పిల్లకూ నడుమ తల్లి ముక్కకుండా ప్రశాంతంగా పడుకుంటే రెండు గంటల దాకా భయపడనక్కరలేదు, లోపల ఇంకా పిల్లలున్నట్టు తెలిసి రెండు గంటలు దాటితే మాత్రం భయపడాలి. నాచారం వారు చెప్పిన ఆకుపచ్చ ద్రవం మొదటి పిల్ల పుట్టిన తరువాత కనబడితే సహజం, ముందే కనబడితే ప్రమాదం. ఎర్రటి రక్తం ధారగా కారినా, తల్లి లేవలేక సోలిపోయినా ఆగకూడదు.

చాలామంది హడలిపోయే మరొక సంగతి ఉంది. కాళ్లు, తోక ముందుగా కనబడితే అడ్డం తిరిగిందనుకుని లాగబోతారు. కుక్కల్లో నూటికి నలభై పిల్లల దాకా అలాగే పుడతాయి, అది సహజ ప్రసవమే. సగం బయటికి వచ్చి నిలిచిపోతే మాత్రం శుభ్రమైన గుడ్డతో పట్టుకుని, తల్లి ముక్కినప్పుడు మాత్రమే, కిందికీ తల్లి పొట్టవైపుకూ మెల్లగా లాగాలి. తల్లి ఆగినప్పుడు మనమూ ఆగాలి.

చెయ్యి వేయవలసిన సందర్భాలు ఉన్నాయి. పుట్టిన పిల్ల పొరలోనే ఉండి, ఒక నిమిషం గడిచినా తల్లి పట్టించుకోకపోతే, ముక్కు దగ్గర పొర చీల్చి, నోరూ ముక్కూ తుడిచి, తల కాస్త కిందికి ఉంచి గరుకు తువ్వాలుతో వీపు రుద్దండి, ఏడుపు రాగానే తల్లి మూతి దగ్గర పెట్టండి. పిల్లను తలకిందులుగా పట్టుకుని గాలిలో ఊపడం నా తొలినాళ్లలో మేమూ చేశాం, ఇప్పుడు దానిని వద్దంటున్నారు, ఎందుకంటే ఆ విసురుకు లేత మెదడు పుర్రెకు కొట్టుకుంటుంది. బొడ్డుతాడు తల్లి కొరికితే అదే మేలు, ఎందుకంటే నలిగి తెగిన తాడు నుంచి రక్తం తక్కువగా కారుతుంది. రక్తం ఆగకపోతేనో, తల్లి కొరకకపోతేనో, పొట్టకు అంగుళం దూరంలో అయోడిన్‌లో ముంచిన దారంతో కట్టి, ముడికి బయట కత్తిరించండి. తాడును పొట్ట నుంచి బయటికి లాగితే బొడ్డు దగ్గర పేగు జారే ప్రమాదం ఉంది. ప్రతి పిల్లకూ ఒక మాయ పడుతుంది, లెక్క రాసుకోండి. తల్లి ఒకటి రెండు తింటే తిననివ్వండి, అన్నీ తింటే విరేచనాలు పట్టుకోవచ్చు.

అమ్మా, ఆ కాల్షియం మాత్రలు ఈ క్షణమే ఆపండి. చూడితో ఉన్నప్పుడు బయటి నుంచి కాల్షియం అందితే, ఎముకల నుంచి దానిని తీసి రక్తంలోకి వదిలే సొంత ఏర్పాటు మందగిస్తుంది. ఈనిన తరువాత పిల్లలు పాలు గుంజే సమయంలో రక్తంలో కాల్షియం ఒక్కసారి పడిపోయి పాలజ్వరం వస్తుంది. సాధారణంగా ఈనిన మొదటి నాలుగు వారాల్లో వచ్చే ఆ జబ్బులో కుక్క వగరుస్తుంది, కాళ్లు బిగుసుకుంటాయి, వణుకు మూర్ఛలోకి దిగుతుంది, గంటల్లో ప్రాణం పోతుంది. బలం కావాలంటే గుడ్డు, మాంసం కలిపిన అన్నం రోజుకు మూడు నాలుగు సార్లు పెట్టండి. అలాగే, నొప్పులు తెచ్చే ఆక్సిటోసిన్ సూదిని వైద్యుడు చూడకుండా ఎవరు వేస్తామన్నా వేయనివ్వకండి, ఎందుకంటే పిల్ల దారిలో ఇరుక్కున్నప్పుడు ఆ సూది వేస్తే గర్భసంచి పగలవచ్చు.

బోయిన్‌పల్లి పాతకాపు:

పెద్దవారు వివరంగా చెప్పారు, మేలుకుని చూడాలన్న మాట ఒప్పుకుంటున్నాను. ఒక్క సందేహం తీర్చండి. మనిషి వాసన తగిలితే తల్లి పిల్లను దూరం పెడుతుందని మా నాన్నగారు అనేవారు. పొర చీల్చి తుడిచిన పిల్లను గౌరి దగ్గరికి రానివ్వకపోతే ఎవరు దిక్కు?

ఉప్పల్, విశ్రాంత పశువైద్య సహాయకుడు:

తనకు అన్నం పెట్టే మనిషి వాసన వల్ల కుక్క పిల్లను వదిలేయడం నేను చూడలేదు. చల్లబడిన పిల్లను తల్లి మూతితో పక్కకు నెట్టేయడం మాత్రం చాలాసార్లు చూశాను, మీ నాన్నగారి కాలంలోవారు చూసినదీ అదే అయి ఉంటుందని నా ఊహ. మనం పిల్లను చేతిలోకి తీసుకుని పది నిమిషాలు ముచ్చటపడితే అది చల్లబడుతుంది, తల్లి నెట్టేస్తుంది, నింద వాసన మీద పడుతుంది. పుట్టిన మొదటి వారం పిల్లలకు వణికి వేడి పుట్టించుకునే శక్తి కూడా ఉండదు. చిత్తకార్తెలో కట్టిన కుక్కలు డిసెంబరు మధ్యలో, మన ఊళ్లో చలి ముదిరే రోజుల్లో ఈనుతాయి కాబట్టి గౌరి పిల్లలకు ఆకలి కంటే చలే పెద్ద శత్రువు.

పిల్లలు పడుకునే చోట మొదటి వారం 85 నుంచి 90 డిగ్రీల ఫారన్‌హీట్ వెచ్చదనం కావాలి. నేల మీద అట్ట, దాని మీద దుప్పటి మడత, ఒక పక్కన మాత్రమే తువ్వాలు చుట్టిన వేడినీళ్ల సీసా పెట్టండి. వేడెక్కితే పిల్లలు పాకి అవతలికి పోవడానికి చల్లటి పక్క కూడా ఉండాలి. కుప్పగా చేరి అరుస్తుంటే చలి, విడివిడిగా పడి నోళ్లు తెరిస్తే వేడి.

చల్లబడిన పిల్లకు పాలు పట్టకూడదన్నది అన్నింటికంటే ముఖ్యమని మీ అమ్మాయికి చెప్పండి. ఒళ్లు చల్లగా ఉంటే పేగులు కదలవు, తాగిన పాలు లోపలే పులుస్తాయి. ముందు గంటో రెండు గంటలో మెల్లగా వెచ్చబరచి, తరువాతే తల్లి చన్ను పట్టించాలి. పుట్టిన మొదటి పన్నెండు గంటల్లో తాగే ముర్రుపాలతోనే రోగనిరోధక శక్తి అందుతుంది, ఆ పాలకు సీసా సాటి రాదు. ఆవుపాలలో కుక్కపాలలో ఉన్నంత కొవ్వు, మాంసకృత్తులు ఉండవు, విరేచనాలు కూడా పట్టుకుంటాయి. తల్లికి పాలు లేకపోతేనే దుకాణంలో దొరికే కుక్కపిల్లల పాలపొడి కలిపి, పిల్లను బోర్లా ఉంచి పట్టాలి. వెల్లకిలా పడుకోబెట్టి పడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

నాచారం నివాసి:

గౌరిని ఆసుపత్రిలో ఉంచాలన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను, కానీ సగమే. రాత్రి రెండు గంటలకు ఈనుతున్న కుక్కను ఎక్కించుకునే ఆటో దొరకక నేను పడిన బాధ మీరు పడకూడదు. ఈ సాయంత్రమే రాత్రి తెరిచి ఉండే ఆసుపత్రికి ఫోను చేసి, శస్త్రచికిత్స చేయగల వైద్యుడు ఉంటారో లేదో అడగండి, కారు ఉన్నవారిని ఒకరిని ఒప్పించి ఉంచండి. మలమూత్రాల సంగతి కూడా చెప్పాలి. తల్లి నాకితేనే పిల్లలకు మూత్రం వస్తుంది, మూడు వారాల దాకా ఇంతే. మా తల్లికుక్కకు శస్త్రచికిత్స అయిన రోజుల్లో బతికిన ఒక్క పిల్లకూ గోరువెచ్చని నీటిలో తడిపిన దూదితో నేనే ప్రతిసారీ తుడిచాను.

రాజేంద్రనగర్ విద్యార్థి:

నేను ఇక్కడి పశువైద్య కళాశాలలో చదువుతున్నాను. వీధికుక్కను మూసిన గదిలోకి తేవడం నాకు సరిగా తోచడం లేదు, ఎందుకంటే బయటికి దారి లేదని భయపడిన తల్లి కరవవచ్చు. మెట్ల కిందనే మూడు వైపులా అడ్డం కట్టి, ఒక వైపు తెరిచి ఉంచండి. ఎవరికైనా కాటు పడితే సబ్బునీటితో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ టీకాకు వెళ్లాలి, మనకు తెలిసిన కుక్కేనని ఉపేక్షించకూడదు. పిల్లలకు రెండో వారం నుంచి నులిపురుగుల మందు, ఆరు నుంచి ఎనిమిది వారాల నడుమ మొదటి టీకా వేయించాలి. అడిగినవారికి ఎనిమిది వారాల లోపు ఇవ్వకండి, 2017 నాటి కుక్కల పెంపకం, విక్రయ నిబంధనలు అమ్మకానికి కూడా అంతే వయసు పెట్టాయి. పిల్లలు పాలు మానిన తరువాత గౌరికి సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించకపోతే, ఈ చర్చ మళ్లీ వచ్చే చలికాలం కూడా జరుగుతుంది.

మల్కాజిగిరి గృహిణి:

అందరికీ నమస్కారం. గౌరి నిన్న రాత్రి ఈనింది. మా మామగారే కుర్చీ వేసుకుని కూర్చుని క్యాలెండరు వెనక పెన్సిలుతో సమయాలు రాశారు. 11.20కి మొదటి పిల్ల, 11.55కి రెండోది, 12.30కి మూడోది పుట్టాయి. గౌరి రెండో పిల్లను నాకుతూ మూడోదాని పొర చీల్చలేదు, మామగారు నన్ను పిలిచి "చెయ్యి వెయ్యమ్మా" అన్నారు. చీల్చి రుద్దితే అది అరిచింది, గౌరి వెంటనే దగ్గరికి లాక్కుంది. నాలుగోది కాళ్లతో వచ్చింది, మీరు ముందే చెప్పారు కాబట్టి ఎవరమూ ముట్టుకోలేదు. తరువాత గంటా నలభై నిమిషాలు ఏమీ జరగలేదు. ఆసుపత్రికి ఫోను చేసి మాట్లాడుతుండగానే ఐదోది పుట్టింది.

మాయలు నాలుగే లెక్కకు వచ్చాయి, ఐదోదానిని గౌరి తిన్నదో, లోపలే ఉండిపోయిందో చూడలేకపోయాం. ఉదయం వైద్యుడు ఇంటికి వచ్చి పొట్ట నొక్కి చూసి, రెండు రోజులు జ్వరం, దుర్వాసన ఉన్న స్రావం కనిపెట్టుకుని ఉండమన్నారు.

వంటింటి తూకం మీద పిల్లలు 262, 255, 240, 232, 190 గ్రాములు ఉన్నాయి. చివరిదానికి సీసా పట్టాలని మా అమ్మాయి పట్టుబడుతోంది. ఏమంటారు?

ఉప్పల్, విశ్రాంత పశువైద్య సహాయకుడు:

ఇప్పుడే వద్దమ్మా. మొదటి రోజు పదో వంతు దాకా బరువు తగ్గవచ్చు, అంటే 171 దాకా దిగినా కంగారు లేదు. పెద్ద పిల్లలు నిద్రపోయినప్పుడు దానిని వెనక చన్నుల దగ్గర పెట్టండి, అక్కడ పాలు ఎక్కువగా ఉంటాయి. ఒక్కో పిల్ల గోటికి ఒక్కో గోళ్లరంగు చుక్క పెట్టి, రోజూ అదే సమయానికి తూచి అదే క్యాలెండరు వెనక రాయండి. రేపటి తరువాత రోజుకు ఐదు నుంచి పది శాతం పెరగాలి. ఎల్లుండి ఉదయం కూడా చివరిది పెరగకపోతే, లేదా నోట్లో వేలు పెట్టినప్పుడు చల్లగా తగిలితే, అప్పుడు పాలపొడి గురించి మాట్లాడుకుందాం. రాత్రి మూడు గంటలకు వేడినీళ్ల సీసా మార్చడం మరచిపోకండి.