ఏడాది పొడుగునా చందాలు: ఇది సేవా, నిర్బంధమా?

పద్మ_రాయగడ:
మా ఫ్యాక్టరీ స్టాఫ్ ఏడాది పొడుగునా సేవ కోసం డబ్బు పోగుచేస్తాం. నెలకి వంద రూపాయలు జీతంలోంచి పోతుంది. సంక్రాంతికి ముగ్గుల పోటీ, దీపావళికి మిఠాయిల స్టాల్ పెడతాం. ఆ డబ్బు ఎక్కువగా సికిల్ సెల్ అనే రక్తవ్యాధి ఉన్న పిల్లల దారి ఖర్చులకే పోతుంది. మందులు సర్కారు ఆసుపత్రిలో ఉచితమే, కొండ దిగి కోరాపుట్‌కో బరంపురానికో రావడానికే వాళ్ల దగ్గర డబ్బుండదు. ఈసారి కొందరు "ప్రతి నెలా ఎందుకు, తుఫాను వచ్చినప్పుడు ఇస్తాం" అంటున్నారు. ఆ పిల్లలకి నొప్పి ఏ నెలలో వస్తుందో ఎవరికి తెలుసు? మీరేమంటారు?

గుణుపురం కుర్రాడు:
ఇవ్వాలి మేడమ్. 2018లో తిత్లీ తుఫానుకి వంశధార పొంగినప్పుడు మాకు ముందు అన్నం పొట్లాలు తెచ్చింది ఇలాంటి ఉద్యోగులే.

పాత టర్నర్:
మీ స్టాల్ ఫొటోలు చూశాను. బ్యానర్ మీద కంపెనీ పేరు ఇంత లావు అక్షరాల్లో ఉంది. డబ్బు ఎవరిది? ఉద్యోగులది. కంపెనీ పేరెందుకు? 5 కోట్ల నికర లాభం దాటిన కంపెనీ మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టాలని 2013 కంపెనీల చట్టం, 135వ సెక్షన్‌లో ఉంది. మన వంద రూపాయలు ఆ లెక్కలోకి రావు. కంపెనీ తన డబ్బు తాను పెట్టుకోవాలి.

పద్మ_రాయగడ:
మాస్టారూ, కంపెనీ తన 2 శాతం వేరే పెడుతోంది. స్కూలు గదులు కట్టింది. ఇది మేం ఇష్టపడి ఇచ్చేది.

పాత టర్నర్:
అయితే బ్యానర్ మీద "ఉద్యోగుల చందా" అని రాయండి.

బరంపురం బాబాయ్:
పన్ను మినహాయింపుకి చూపించే 80జీ రసీదు ఇస్తున్నారా? కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకి ఆ మినహాయింపు ఎలాగూ లేదు. పాతదాంట్లో ఉన్నవాళ్లకైనా రసీదు కావాలి.

పద్మ_రాయగడ:
ట్రస్టుకి ఇచ్చేదానికి ఇస్తున్నాం బాబాయ్ గారూ. దారి ఖర్చులు చేతికిచ్చేటప్పుడు ఆ ఊరి ఆశా దీదీ సంతకం తీసుకుంటాం.

కొండదిగువ:
ఇష్టపడి ఇస్తున్నారా? టైమ్ ఆఫీసు కిటికీ పక్కన లిస్టు అంటిస్తారు. పేర్లన్నీ వరసగా ఉంటాయి, ఇవ్వనివాడి పేరు కింద ఎర్ర గీత. సూపర్‌వైజర్ పెన్ను పట్టుకుని పక్కనే నిలబడతాడు. వచ్చే నెల ఓటీ (ఓవర్‌టైం) అతనే రాయాలి. అక్కడ వద్దని ఎవరంటారు? జీతంలోంచి కోత పెట్టాలంటే చట్టంలో ఉన్న కారణాలకే పెట్టాలని 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలోనే ఉండేది, 2025లో దాని స్థానంలో వచ్చిన వేతనాల కోడ్‌లోనూ ఉంది.

పద్మ_రాయగడ:
మా డిపార్ట్‌మెంట్‌లో ఎర్ర గీతలు లేవు. ఒకచోట జరిగినదానికి పిల్లల డబ్బు ఆపమంటారా?

కొండదిగువ:
ఆపమని నేను ఎక్కడ అన్నాను? మీరు చదవకుండానే జవాబిస్తున్నారు.

పాత టర్నర్:
బ్యానర్ సంగతికి ఎవరూ జవాబు చెప్పలేదు.

గుణుపురం కుర్రాడు:
కొండదిగువ గారూ, మంచి పని జరుగుతుంటే అడ్డు తగలడం మీకు అలవాటైపోయింది. పోయినసారి రక్తదానం పోస్టు కిందా ఇదే గొడవ.

కొండదిగువ:
అయితే వినండి. నా బావమరిది కాంట్రాక్టు కింద లోడింగ్ చేసేవాడు. నెలనెలా వాడి దగ్గరా యాభై తీసుకున్నారు. బస్తాల దొంతర కాలి మీద పడి ఎముక నుజ్జయింది. నా చెల్లెలు, అంటే వాడి పెళ్లాం, ఫండ్ కమిటీ దగ్గరికి వెళ్లి నిలబడితే "మీ ఆయన రోల్స్‌లో, అంటే కంపెనీ ఉద్యోగుల జాబితాలో, లేడమ్మా" అన్నారు. చందా తీసుకునేటప్పుడు రోల్స్ అడగలేదే! రాత్రి బండికి విశాఖ తీసుకెళ్లాం, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి. నాకు కోపం సికిల్ సెల్ పిల్లల మీద లేదు. గేటు బయట అందరికీ కనిపించే సాయానికి డబ్బుంది, గేటు లోపల పడిపోయినవాడికి లేదు. అదీ నా బాధ.

బరంపురం బాబాయ్:
ఈఎస్ఐ, అదే కార్మికుల బీమా, ఉండాలి కదా బాబూ? జీతం 21,000 లోపు ఉంటే కాంట్రాక్టు మనిషికైనా వర్తిస్తుంది. కాంట్రాక్టరు కట్టకపోతే అసలు యాజమాన్యమే కట్టాలి.

కొండదిగువ:
కార్డు చేతికివ్వలేదు. నంబరు అడిగితే రేపు, ఎల్లుండి అన్నాడు.

పద్మ_రాయగడ:
ఈ సంగతి నాకు తెలియదు. చెల్లెమ్మ పరిస్థితి చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది. కానీ అన్నయ్యా, ఒక మాట చెప్పనివ్వండి. ఈఎస్ఐ కట్టాల్సింది కంపెనీ, కాంట్రాక్టరు. వాళ్ల బాధ్యతని మన చందాతో పూడ్చడం మొదలుపెడితే వాళ్లు ఎప్పటికీ కట్టరు. పిల్లల దారి ఖర్చు అలా కాదు, అది ఇంకెవరి పద్దులోనూ లేదు.

కొండదిగువ:
ఇప్పుడు అసలు మాట అన్నారు. అయితే ఆ కార్డుల కోసం గొంతెత్తే పని ఎవరిది? కమిటీలో ఉన్న తొమ్మిదిమందీ పర్మనెంట్ వాళ్లే. ఒక్క కాంట్రాక్టు మనిషిని కూర్చోబెట్టండి. అప్పటిదాకా వాళ్ల దగ్గర పైసా తీసుకోవద్దు.

గుణుపురం కుర్రాడు:
అడ్డు తగులుతున్నారని అనకుండా ఉండాల్సింది, సారీ అన్నయ్యా.

పద్మ_రాయగడ:
కాంట్రాక్టు వాళ్ల చందా ఆపాలని, ఎర్ర గీతలు పెట్టొద్దని కమిటీలో నేనే పెడతాను. కుర్చీ సంగతి హెచ్ఆర్ ఒప్పుకోవాలి, మాటివ్వలేను. నెలనెలా వంద మాత్రం ఆపనివ్వను.

కొండదిగువ:
నేను పర్మనెంటే, నా వంద రాసుకోండి. బావమరిది దగ్గర తీసుకున్న యాభైలన్నీ కలిపి వెనక్కివ్వండి, రసీదుతో.