వనస్థలిపురం వదిలి తెల్లాపూర్ వెళ్లాలా? అక్కడ ఉంటున్నవాళ్లు కాస్త చెప్పండి

వనస్థలిపురం వాసి:
అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్ తూర్పు వైపు వనస్థలిపురంలో సొంతిల్లు, నాన్న కట్టించింది. నా ఆఫీసేమో ఊరికి ఆ చివర, పడమర వైపు నానక్‌రామ్‌గూడలో. వారానికి రెండు రోజులొస్తే చాలన్నన్నాళ్లు ఎలాగోలా నెట్టుకొచ్చాను, ఇప్పుడు నాలుగు రోజులు రమ్మంటున్నారు. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగి, అక్కడ ఆటో కోసం కొట్టుకుని ఆఫీసు చేరేసరికి గంటా ముప్పావు. నేను ఇంటికొచ్చేసరికి పాప నిద్రపోతుంటుంది.

ఆఫీసు వైపే ఉందని తెల్లాపూర్‌లో ఫ్లాట్ కొందామని మూడు ఆదివారాలు వెళ్లి చూసొచ్చాం. ఎవర్ని కదిలించినా "ఇప్పుడు తీసుకోకపోతే వచ్చే ఏడాది అందదు సార్" అనే పాటే. ఒకాయనైతే ఇంకా పునాది కూడా తవ్వని చోట, డబ్బంతా ఒకేసారి కట్టేస్తే సగం రేటుకే ఇస్తానన్నాడు. నీళ్ల సంగతేంటి, అమ్మానాన్నలకు డెబ్బై దాటాయి కదా అక్కడ ఉండగలరా, పాప మూడో తరగతి, మా ఆవిడ టీచరు, స్కూటీ మీదే తిరుగుతుంది. మా పరిస్థితిలో మీరైతే ఏం చేస్తారు?

కొల్లూరు సర్వీస్ రోడ్డు:
ఆ సగం రేటాయన ఫోన్ నంబరు ముందు డిలీట్ చేయండి. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో గానీ, ఎనిమిది ఫ్లాట్లకు మించి గానీ కడుతుంటే రెరాలో (బిల్డర్ల మీద నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ) నమోదు కాకుండా అమ్మకూడదు, ప్రకటన కూడా వేయకూడదు. నమోదైన ప్రాజెక్టులో అయినా అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా పది శాతానికి మించి తీసుకోకూడదు. మొత్తం కట్టేయమంటున్నాడంటే మీ డబ్బుతోనే స్థలం కొంటున్నాడన్నమాట. మా బావమరిది ఇలాగే యూడీఎస్ (స్థలంలో విడదీయని వాటా) అని కట్టాడు, కాగితం మీద ఇన్ని గజాలు అని రాసుంది, ఆ గజాలు ఎక్కడున్నాయో మూడేళ్లయినా చూపించినవాడు లేడు.

ఆఫీసు విషయానికొస్తే, గోపన్‌పల్లి తండా దగ్గర 2024లో ఫ్లైఓవర్ తెరిచాక మాకు ప్రాణం లేచొచ్చింది. కానీ గౌలిదొడ్డి దాటాక మళ్లీ అదే కథ. పావుగంటలో ఆఫీసు అని బ్రోచర్లో వేసేది తెల్లవారుజామున నాలుగింటి లెక్క. పొద్దున తొమ్మిదికి నాకు నలభై నిమిషాలు, వాన పడితే చెప్పలేను.

మేడమ్‌కి స్కూటీ అన్నారు కదా, ఔటర్ రింగ్ రోడ్డు మెయిన్ రోడ్డు మీదకి టూవీలర్లని రానివ్వరు, సర్వీస్ రోడ్డే గతి. దాని మీద టిప్పర్లు, కాంక్రీటు కలిపి తెచ్చే ఆర్‌ఎంసీ లారీలు. చీకటి పడ్డాక మా ఆవిడ ఆ రోడ్డు మీద బండి తీయడం మానేసింది.

బీహెచ్‌ఈఎల్ రిటైర్డ్:
నేను రామచంద్రాపురంలో నలభై ఏళ్ల నుంచి ఉన్నాను బాబూ. తెల్లాపూర్ అంటే అప్పట్లో జొన్న చేలు, తాటిచెట్లు, మధ్యలో ఒక రైల్వే స్టేషను. 2018లో మున్సిపాలిటీ అయింది, 2025 చివర్లో జీహెచ్‌ఎంసీలో కలిపేశారు. బోర్డు మార్చినంత తొందరగా మురుగునీటి పైపు రాదు. ఫ్లాటు చూడటానికి ఆదివారం మధ్యాహ్నం వెళ్లొద్దు. జులైలో గట్టి వాన పడిన మర్నాడు పొద్దున వెళ్లి, గేటు బయట రోడ్డు మీద నీళ్లు ఎటు పోతున్నాయో చూడు. ఇంకొకటి, కర్ణాటకలోని వాడి జంక్షన్ వైపు వెళ్లే రైల్వే మెయిన్‌లైను అక్కడి నుంచే పోతుంది, రాత్రి గూడ్సు బండ్లు తిరుగుతాయి. మీ నాన్నకి నిద్ర తేలికైతే పట్టాలకి దూరంగా చూడు.

మూడో ఫ్లోర్ అద్దెకాపురం:
నీళ్ల గురించి నేను చెప్తాను అన్నా. కొనేముందు అసోసియేషన్ వాళ్లని ఒక్కటే అడుగు: "పోయిన ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకర్లకి ఎంత ఖర్చయింది?" లెక్క చూపిస్తే మంచివాళ్లు. "మాకు ఆ సమస్యే లేదండీ" అని నవ్వితే మాత్రం కింద సెక్యూరిటీ అతన్ని అడుగు, రోజుకి ఎన్ని ట్యాంకర్లు లోపలికొస్తాయో వేళ్ల మీద చెప్తాడు. మెట్రో వాటర్ కనెక్షన్ ఉందా అంటే అందరూ ఉందనే అంటారు. కనెక్షన్ ఉండటం వేరు, సరిపడా రావడం వేరు. మా దగ్గర దాంతో వంట, తాగడం వరకు గడుస్తుంది, మిగతాదంతా బోరూ ట్యాంకరే.

మెయింటెనెన్స్ కూడా లెక్కేసుకో. అడుగుకి 4 రూపాయలనుకుంటే 1,800 అడుగులకి నెలకి 7,200. ఆ 1,800లో నీ చెప్పు పెట్టే చోటు, లిఫ్టు ముందు వరండా, క్లబ్‌హౌస్ వాటా అన్నీ కలిసుంటాయి, కాబట్టి కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపల నిజంగా వాడుకునే చోటు, ఎంతో అడిగి రాయించుకో.

అన్నట్టు, పెద్దవాళ్ల సంగతి. మా అత్తయ్యగారు వచ్చిన కొత్తలో ఆరు నెలలు ఏడ్చినంత పని చేశారు. కిందకి దిగితే అందరూ హిందీయో ఇంకోటో, కూరలు యాప్‌లో వస్తాయి, గుడికి వెళ్లాలన్నా కారు తీయాలి. తర్వాత పొద్దున వాకింగ్‌లో నలుగురు ఆడవాళ్లు జతయ్యారు, ఇప్పుడు ఊరెళ్దాం రండి అన్నా రావట్లేదు. కానీ మామయ్యగారు మాత్రం సర్దుకోలేక మా మరిది దగ్గరికి వెళ్లిపోయారు. మీ వాళ్లకి వనస్థలిపురంలో రైతు బజారుకి నడిచి వెళ్లే అలవాటుంటే అది ఇక్కడ దొరకదు.

ఈసీ చూసే అలవాటున్నవాడు:
కొనేటట్టయితే మూడు విషయాలు, మిగతావి లాయరు చూస్తాడు.

చెరువు. హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైట్‌లో ఆ సర్వే నంబరు దగ్గరి ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు వచ్చే హద్దు) మ్యాపు చూడండి. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకి ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, చిన్నదానికి 9 మీటర్లు బఫర్, అంటే కట్టకూడని జాగా. పర్మిషన్ ఉంది కదా అని ఊరుకోకండి, 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక ఆ మాట ఎవరూ గట్టిగా అనట్లేదు.

మార్ట్‌గేజ్ ఫ్లాట్లు. పర్మిషన్ ఇచ్చేటప్పుడు బిల్డర్ దగ్గర పది శాతం బిల్టప్ ఏరియా తనఖా పెట్టించుకుంటారు, పనంతా ప్లాను ప్రకారం పూర్తయి ఓసీ (నివాసయోగ్యమని ఇచ్చే సర్టిఫికెట్) వచ్చాకే విడిపిస్తారు. మీకు చూపించే ఫ్లాటు ఆ పది శాతంలో ఉందేమో ప్లాను తెప్పించి చూడండి. అవే కాస్త తక్కువ రేటుకి వస్తుంటాయి.

డబ్బు. కట్టుబడిలో ఉన్నదానికి 5 శాతం జీఎస్టీ, రిజిస్ట్రేషన్‌కి 7.5 శాతం. ఓసీ వచ్చినదైతే జీఎస్టీ ఉండదు. తొంభై లక్షల ఫ్లాటుకి ఆ జీఎస్టీ ఒక్కటే నాలుగున్నర లక్షలు, రేటు పోల్చేటప్పుడు ఇది కలుపుకొని చూడండి.

కొల్లూరు సర్వీస్ రోడ్డు:
పైన ఎవరూ మీరు ముందు అద్దెకి ఉండి చూడమని అనలేదు, అసలు విషయం అదే. ఒక్క ఎండాకాలం, ఒక్క వానాకాలం అద్దెకి ఉండండి. ఈ చుట్టుపక్కల ఫ్లాట్లు కొని ఖాళీగా పెట్టుకున్నవాళ్లు బోలెడంతమంది, అద్దెకి దొరకడం కష్టం కాదు. మీ ఇల్లు అద్దెకిస్తే ఇక్కడ అద్దెలో సగమైనా వస్తుంది.

బీహెచ్‌ఈఎల్ రిటైర్డ్:
ఆయన అమ్మానాన్నలు ఉన్న ఇల్లు అద్దెకెలా ఇస్తాడయ్యా?

కొల్లూరు సర్వీస్ రోడ్డు:
నిజమే పెద్దాయనా, తొందరపడ్డాను.

వనస్థలిపురం వాసి:
అందరికీ చాలా థ్యాంక్స్. రాత్రి ఇవన్నీ ఇంట్లో చదివి వినిపించాను. నాన్న "మీరెళ్లండి, నేను మాత్రం ఇక్కణ్ణుంచి కదలను" అన్నారు. అమ్మ ఏమీ అనలేదు, పాప స్కూలు సెలవులెప్పుడు అని అడిగింది. చివరికి తేలిందేంటంటే, పాప ఏడాది పరీక్షలయ్యాక ఏప్రిల్‌లో మేం ముగ్గురం తెల్లాపూర్‌లో అద్దెకి దిగుతాం, శుక్రవారం రాత్రి వనస్థలిపురం వెళ్లి ఆదివారం సాయంత్రం తిరిగొస్తాం. కొనడం మాట వచ్చే సంక్రాంతికి చూస్తాం. పట్టాలకి దూరంగా, నల్లగండ్ల వైపు, రెండు బెడ్‌రూమ్‌లది ఏదైనా ఖాళీ అవుతుంటే చెప్పండి. అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఎప్పుడైనా వస్తే ఇబ్బంది పడకూడదు, లిఫ్టుకి జనరేటర్ బ్యాకప్ తప్పనిసరి.

మూడో ఫ్లోర్ అద్దెకాపురం:
మా బ్లాకులోనే మార్చి నెలాఖరుకి ఒకటి ఖాళీ అవుతోంది అన్నా, జనరేటర్ ఉంది. ట్యాంకర్ల లెక్క కూడా నా దగ్గరుంది, ఇన్‌బాక్స్‌లో పంపిస్తా.