పప్పీ ఒక్కతే పెరట్లోకి పోవట్లేదు, తోడు నేను రావాలంట

బెజవాడ నైటీ:
మా బుజ్జి నాలుగున్నర నెలల ల్యాబ్రడార్ పిల్ల. వెనకాల చిన్న పెరడు, చుట్టూ గోడ, భయమేం లేదు. ఇంట్లో ఒక్క చుక్క పొయ్యదు, అంతవరకు బంగారం. కానీ నేను లేకుండా పెరట్లో అడుగు పెట్టదు. తలుపు తీసి వెళ్ళమ్మా అంటే మెట్టు మీద కూర్చుని నా కాళ్ళ వైపు చూస్తుంది, మొహం వైపు కాదు, కాళ్ళ వైపే, చెప్పులేసుకున్నానా లేదా అని. రాత్రి 2 గంటలకి నైటీ మీద చున్నీ కప్పుకుని కరివేపాకు చెట్టు పక్కన దోమలకి నన్ను నేను అప్పజెప్పుకుని నిలబడితే, అది మూడు ప్రదక్షిణాలు చేసి అప్పుడు కానిస్తుంది. వానొస్తే గొడుగు కూడా దానికే పట్టాలి. నువ్వే అలవాటు చేశావ్ అంటారు మా ఆయన. నిజమే అనుకోండి, ఇప్పుడేం చెయ్యాలి?

కరీంనగర్ కాకా:
గిదంత గారాబం అక్కా. మా రాకీగాన్ని మూడు నెలలప్పుడే బైట వెట్టి తలుపేసిన. జర్రసేపు మొత్తుకున్నడు, గీకిండు, పది నిమిషాలకు గప్‌చుప్. ఇప్పుడు పొద్దుగాల లేవంగనే వాడే ఉరుకుతడు. మీరు ఎనకెనక పోయినన్ని రోజులు మిమ్మల్ని నౌకరు లెక్కనే చూస్తది.

వీధిపిల్ల అమ్మ:
కాకా, మీవాడికి సరిపోయిందేమో గానీ మాకు ఘోరంగా రివర్స్ కొట్టింది. మా ఇండీ, అదే వీధికుక్క పిల్లని అలాగే బయట పెట్టి తలుపేశాం, దోమల జాలీ చింపేసింది, గోరు విరిగి గడపంతా రక్తం. తర్వాత నెలరోజులు ఆ గుమ్మం వైపే రాలేదు, డైనింగ్ టేబుల్ కింద కానిచ్చేది. పెరడంటే నన్ను వదిలేసే చోటు అని దాని బుర్రలో పడిపోయింది కదా మరి.

అక్కా, మీరు తలుపు తీసే ఉంచండి. నేను పెరటి మధ్యలో కుర్చీ వేసుకుని ఫోన్ చూస్తూ కూర్చునేదాన్ని, పలకరించేదాన్ని కాదు. అది దాని మానాన తిరగడం మొదలెట్టాక రెండ్రోజులకోసారి కుర్చీ ఓ అడుగు గుమ్మం వైపు జరపడం, అంతే. ఏడుపు మొదలెడితే తొందరపడ్డామని లెక్క, కుర్చీ మళ్ళీ ఓ అడుగు పెరట్లోకి. మూడు వారాలకి కుర్చీ గడప దాటి లోపలికొచ్చింది. మధ్యలో దీపావళి వచ్చి మొత్తం మొదటికొచ్చింది, అదో పెద్ద కథ.

ఉప్పులేని చికెన్:
కుర్చీ ఐడియా కరెక్టే, దానికి తోడు ఇంకోటి. చాలామంది లోపలికొచ్చాక ట్రీట్ ఇస్తారు, అప్పుడది నేర్చుకునేది ఏంటంటే ఎంత తొందరగా లోపలికి పరిగెత్తితే అంత తొందరగా ముక్క దొరుకుతుందని. మావాడు సగం పోసి వచ్చేసి మిగతా సగం డోర్‌మ్యాట్ మీద పోసేవాడు. పనైన క్షణమే అందాలి, మీరు గడప దగ్గరుంటే అక్కణ్ణుంచే దాని ముందుకి విసరండి. పగటిపూట గుప్పెడు డాగ్‌ఫుడ్ గింజలు గడ్డిలో చల్లి చూడండి, ముక్కు నేలకి ఆనిందంటే మీరున్నారో లేదో కూడా దానికి పట్టదు. చికెన్ అయితే ఉట్టిగా ఉడకబెట్టిందే, కూరలోది కడిగి పెట్టకండి, ఉల్లిపాయ కుక్కలకి విషం.

డాలస్ బావ:
మేం తలుపుకి గంట కట్టాం, బయటికెళ్ళాలంటే కొడుతుందని. కొడుతుంది. ఉడత కనిపించినా కొడుతుంది.

మందులషాపు చిన్నా:
ఒక మాట. రాత్రి 2 గంటలకి ఒంటరిగా పంపొద్దు, వానాకాలం అసలే వద్దు. ఒంటి నిండా బుడిపెలుండే కప్పని మా కుక్క నోట కరుచుకుని నురగలు కక్కింది, తడిగుడ్డతో నోరు తుడిచి డాక్టర్ దగ్గరకి పరుగు. కాబట్టి గుమ్మంలోంచి టార్చ్ వేసి చూస్తుండండి. మే నెల మధ్యాహ్నం పోనంటే అది గారాబం కాదు, బండలు కాలుతున్నట్టు. చెయ్యి ఆనించి 5 సెకన్లు ఉంచలేకపోతే దాని కాళ్ళూ ఉండలేవు. మాటిమాటికీ ఒంటికి వెళ్తుంటే మాత్రం ఇన్ఫెక్షనేమో చూపించండి.

బెజవాడ నైటీ:
24 రోజుల తర్వాత వచ్చాను. కుర్చీయే పని చేసింది. తొమ్మిదో రోజు నేను గడప మీదున్నా, అది చెట్టు దాకా వెళ్ళి మధ్యలో ఆపేసి నేనున్నానా అని తిరిగి చూసి, ఉన్నానని తెలిశాక మిగతాది కానిచ్చింది. ఇప్పుడు పగలు ఒక్కతే వెళ్తుంది, నేను వంటింట్లో ఉన్నా సరే. రాత్రి మాత్రం జాలీ తలుపు లోపల నిలబడుతున్నా, దోమలు లేవు, అదే పదివేలు.

ఒక్కటే చిక్కు. నిన్న పనమ్మాయి గడప కడగడానికి ఆ ఖాళీ కుర్చీ పక్కకి తీసేసరికి బుజ్జి మెట్టు దిగినదల్లా వెనక్కొచ్చి నా చెప్పుల మీద కూర్చుంది.

కరీంనగర్ కాకా:
ఇగ ఆ కుర్చీకి ఓ నైటీ తొడిగి పండుకోండ్రి అక్కా.