మోకాలి మార్పిడి జరిగి మూడో నెల: కోలుకోవడం ఇంత నెమ్మదిగా ఉండటం మామూలేనా?

ప్రశ్న

నాకు కుడి మోకాలి కీలు పూర్తి మార్పిడి శస్త్రచికిత్స జరిగి మూడో నెల నడుస్తోంది. వైద్యులు ఇటీవల ఎక్స్‌రే చూసి, అమర్చిన కీలు సరైన స్థానంలోనే ఉందని, రక్తపరీక్షల్లో ఇన్ఫెక్షన్ జాడ లేదని చెప్పారు. కోత గాయం పూర్తిగా మానింది. అయినా నేను అనుకున్నట్టు కోలుకోవడం లేదన్న బెంగ పెరుగుతూనే ఉంది. అందుకే ఈ దశ దాటినవారు, విషయం తెలిసినవారు సలహా ఇస్తారని రాస్తున్నాను.

ఉదయం లేచేసరికి మోకాలు బిగుసుకుపోయి ఉంటుంది. కాసేపు నడిస్తే సడలుతుంది గానీ, సాయంత్రానికి వాపు వచ్చి, తాకితే వెచ్చగా తగులుతుంది. వంపు 95 డిగ్రీల దగ్గర ఆగిపోయింది. మంచం మీద కాలు చాపితే మోకాలి కింద చెయ్యి దూరేంత సందు మిగిలిపోతోంది. కోత గీతకు బయటి వైపు చర్మం మొద్దుబారి ఉంది, నడిచేటప్పుడు లోపల ఏదో టక్కుమన్న శబ్దం వస్తోంది. వీటన్నిటికంటే బాధ పెడుతున్నది నిద్ర. ఏ పక్కకు తిరిగినా కాలు కుదురుగా ఉండదు.

నాకు ఆపరేషన్ అయిన రోజుల్లోనే చేయించుకున్న మరొకరు చేతికర్ర లేకుండా మెట్లు ఎక్కి దిగుతున్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి, నేను వ్యాయామం తక్కువ చేస్తున్నానేమోనని మరింత పట్టుదలగా చేస్తే, మర్నాడు వాపు ఇంకా పెరుగుతోంది. ఇందులో ఏది మామూలు, ఏది కాదు? వ్యాయామం పెంచాలా, తగ్గించాలా? ఈ నెమ్మదిని మనసు ఎలా ఓర్చుకుంటుంది?

సమాధానం 1 (రెండు మోకాళ్లూ మార్పించుకున్నవారు)

మీరు రాసిన లక్షణాల్లో నాకు రానిది ఒక్కటీ లేదండీ. ముందుగా పోలిక విషయం చెబుతాను, ఎందుకంటే అది మీ నిద్రను కూడా తినేస్తోందని నాకు అనిపిస్తోంది. నాకు మొదట ఎడమ మోకాలు, కొన్నేళ్ల తరువాత కుడి మోకాలు మార్చారు. చేసిన వైద్యులు ఒకరే, నేర్పిన వ్యాయామాలు అవే, చేసిన మనిషినీ నేనే. ఎడమ కాలు చాలా తొందరగా దారికి వచ్చింది. కుడి కాలు మాత్రం ఏడాది నిండేదాకా తన ఉనికిని గుర్తు చేస్తూనే ఉంది. ఒకే ఒంట్లోని రెండు కాళ్లే ఇంత తేడాగా ప్రవర్తించినప్పుడు, మరొకరి కాలిని చూసి మీ శ్రమను తక్కువ చేసుకోవడంలో న్యాయం లేదు. పైగా, ఆపరేషన్‌కు ముందు మోకాలు ఎంతవరకు వంగేదన్నదాని మీద తరువాత వచ్చే వంపు చాలావరకు ఆధారపడి ఉంటుంది. ఏళ్ల తరబడి బిగుసుకుపోయిన మోకాలితో ఆపరేషన్‌కు వెళ్లినవారు, ఆనాటి దాకా బాగా వంగిన మోకాలితో వెళ్లినవారు ఒకే చోట నుంచి బయలుదేరడం లేదు.

మొద్దుబారడం గురించి కంగారు పడకండి. కోత పెట్టినప్పుడు చర్మానికి స్పర్శనిచ్చే సన్నని నరం కొమ్మలు తెగుతాయి కాబట్టి బయటి వైపు అలా అవుతుంది. నెలలు గడిచేకొద్దీ ఆ మేర కుదించుకుపోతుంది, కొందరికి అరచేతిలో సగమంత చోటు ఎప్పటికీ అలాగే మిగిలిపోతుంది. దానివల్ల నడకకు లోటు లేదు. శబ్దం లోహపు భాగం, ప్లాస్టిక్ భాగం తగిలినప్పుడు వచ్చేది. నొప్పి, పట్టు తప్పడం తోడు కానంతవరకు దాన్ని పట్టించుకోనక్కర లేదని నా వైద్యులు చెప్పారు. వాపు, వెచ్చదనం ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది దాకా కొద్దికొద్దిగా ఉంటాయి.

నిద్రకు నాకు ఉపయోగపడినవి రెండు. పక్కకు తిరిగి పడుకున్నప్పుడు రెండు కాళ్ల మధ్య మోకాలి నుంచి మడమ దాకా దిండు పెట్టుకోవడం, రాత్రి వేసుకోవాల్సిన నొప్పి మాత్ర ఏ వేళకు వేసుకుంటే మంచిదో వైద్యులను అడిగి మార్చుకోవడం. మోకాలి కింద మాత్రం దిండు పెట్టుకోకండి. అప్పటికి హాయిగా ఉంటుంది గానీ, మీరు చెప్పిన ఆ సందు అక్కడే స్థిరపడిపోతుంది.

ఇంకొక మాట. రోజూ కొలుచుకోవడం మానేశాను. వారానికి ఒకసారి మాత్రం ఆ వారం కొత్తగా చేయగలిగిన పని ఏదైనా ఉంటే రాసుకునేదాన్ని. కుర్చీ చేతులు పట్టుకోకుండా లేవడం, స్నానాల గదిలో గోడ పట్టుకోకుండా నిలబడటం, అలాంటివి. డిగ్రీలు కదలని వారాల్లో కూడా ఆ పుస్తకంలో ఏదో ఒకటి చేరేది.

సమాధానం 2 (ఫిజియోథెరపిస్టు)

మిమ్మల్ని పరీక్షించకుండా మీ కాలి గురించి తీర్పు చెప్పలేను గానీ, మీరు ఇచ్చిన వివరాలను బట్టి కొన్ని విషయాలు వివరంగా చెప్పడం అవసరమనిపించింది.

నెమ్మదికి అసలు కారణం చాలామంది అనుకున్నట్టు మోకాలి కీలులో కాదు, తొడ ముందు భాగంలో ఉన్న పెద్ద కండరంలో ఉంటుంది. ఆపరేషన్ తరువాత మొదటి నెలలో ఆ కండరం తన బలంలో సగానికి పైగా కోల్పోతుంది. కండరం సన్నబడటం ఒక కారణమైతే, కీలులో నీరు, వాపు ఉన్నంతకాలం నాడీవ్యవస్థ ఆ కండరానికి పూర్తి ఆజ్ఞ ఇవ్వకపోవడం అంతకంటే పెద్ద కారణం. అంటే మీరు ఎంత గట్టిగా బిగించాలని ప్రయత్నించినా, వాపు ఉన్న మోకాలు తొడను సగం నిద్రలోనే ఉంచుతుంది. అందువల్ల పట్టుదలగా ఎక్కువ వ్యాయామం చేసి వాపు పెంచుకుంటే, దేనికోసం శ్రమిస్తున్నారో దానికే అడ్డు పడుతున్నట్టవుతుంది. మీకు జరుగుతున్నది ఇదేనని నా అనుమానం.

కాబట్టి వ్యాయామం పెంచాలా తగ్గించాలా అన్న ప్రశ్నకు మర్నాటి ఉదయమే జవాబు చెబుతుంది. చేస్తున్నప్పుడు లాగినట్టు ఉండి, గంటా రెండు గంటల్లో తగ్గిపోయే నొప్పికి భయపడనక్కర లేదు. మర్నాడు లేచేసరికి వాపు ముందురోజుకంటే ఎక్కువగా ఉండి, వంపు తగ్గిందంటే, నిన్న చేసిన మోతాదు ఎక్కువైందని అర్థం. అప్పుడు మానేయకుండా, మోతాదు కొంత తగ్గించి, ఒకేసారి అరగంట చేసేదాన్ని రోజంతా చిన్న చిన్న విడతలుగా పంచుకోండి. వ్యాయామం తరువాత పడుకుని, మడమను గుండె కంటే ఎత్తులో ఉంచి, పలుచని గుడ్డ చుట్టిన ఐస్ ప్యాక్ 15 నుంచి 20 నిమిషాలు పెట్టండి. స్పర్శ లేని చోట చర్మం చల్లదనాన్ని గుర్తించదు కాబట్టి గుడ్డ లేకుండా ఎప్పుడూ పెట్టకండి.

ఇక వంపు, చాపు. అందరూ వంపు డిగ్రీలనే లెక్కపెడతారు, నేను మాత్రం ముందు చాపడాన్నే చూస్తాను. చదునైన నేల మీద నడవడానికి సుమారు 65 నుంచి 70 డిగ్రీల వంపు చాలు. మెట్లు ఎక్కడానికి 85 దరిదాపుల్లో, మెట్లు దిగడానికి, మామూలు ఎత్తు కుర్చీ నుంచి లేవడానికి 90 నుంచి 95 దాకా కావాలి. తక్కువ ఎత్తు ఆసనం నుంచి లేవాలంటే 105 దాటాలి. మీకున్న 95తో రోజువారీ పనులు చాలావరకు జరుగుతాయి, ఆపైన కూడా ఏడాది దాకా కొంత కొంత వస్తూనే ఉంటుంది. కానీ కాలు పూర్తిగా చాపలేకపోతే, నిలబడిన ప్రతి క్షణం తొడ కండరం పని చేస్తూనే ఉండాలి. త్వరగా అలసిపోతారు, కుంటుతారు, కొన్నాళ్లకు నడుము నొప్పి మొదలవుతుంది. చాపడం ఆలస్యం చేసేకొద్దీ కష్టమవుతుంది.

అందుకని మడమ కింద చుట్టిన తువ్వాలు పెట్టి, మోకాలి కింద ఏమీ లేకుండా, 5 నుంచి 10 నిమిషాలు కాలిని దాని బరువుకే వదిలేయండి. రోజుకు నాలుగైదు సార్లు చేయవచ్చు. అదే భంగిమలో మోకాలి వెనుక భాగాన్ని మంచానికి అదుముతూ తొడను బిగించి, 5 సెకన్లు పట్టి ఉంచి వదలండి. చేతికర్రను బాగున్న కాలి వైపు చేతిలో పట్టుకోండి, కుంటకుండా నడవగలిగే దాకా దాన్ని వదలకండి. కర్ర లేకుండా కుంటుతూ నడవడం కంటే, కర్రతో తిన్నగా, మడమ ముందు నేలకు తగిలేలా నడవడం వెయ్యి రెట్లు మేలు.

ఏది మామూలు కాదో కూడా చెప్పాలి. కోత చుట్టూ ఎరుపు పెరగడం, చీము లేదా నీరు కారడం, జ్వరం, నెమ్మదిస్తున్న నొప్పి ఒక్కసారిగా తిరగబెట్టడం ఇన్ఫెక్షన్‌కు సూచన కావచ్చు. ఇంట్లో మిగిలిన యాంటీబయోటిక్ వేసుకోకుండా ఆపరేషన్ చేసినవారి దగ్గరికే వెళ్లండి. పిక్కలో కొత్తగా నొప్పి, ఒక కాలే ఉబ్బడం రక్తం గడ్డకట్టడానికి సూచన, అదే రోజు చూపించుకోవాలి. ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. పడిపోయిన తరువాత కాలు చాపి ఎత్తలేకపోయినా వెంటనే చూపించాలి. పలుచని దుప్పటి తగిలినా మంట పుట్టడం, చర్మం రంగు మారడం నరాలకు సంబంధించిన వేరే సమస్య. దానికి వేరే చికిత్స ఉంటుంది, ఓర్చుకుంటూ కూర్చోకూడదు.

సమాధానం 3 (తల్లికి తోడుగా ఉన్నవారు)

మా అమ్మగారు కోలుకుంటున్న రోజుల్లో ఆమె పక్కన ఉన్నవాడిగా మనసు గురించి మాత్రమే రాస్తాను. చూడటానికి వచ్చిన ప్రతివారూ ‘ఇంకా కర్ర పట్టుకునే నడుస్తున్నారా?’ అని అడిగేవారు. వారి మనసులో చెడు లేదు. కానీ ఆ ప్రశ్న విన్న రాత్రి అమ్మ మౌనంగా ఉండేది. తరువాత ఇంట్లో మేమే ముందుగా ‘దీనికి ఏడాది పడుతుందని వైద్యులు చెప్పారు’ అని అందరికీ చెప్పడం మొదలుపెట్టాం. ఆ ఒక్క మాటతో ఆమె ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోవాల్సిన అవసరం తప్పింది.

నిద్రలేమి, నొప్పి, ఇతరుల మీద ఆధారపడటం కలిసినప్పుడు దిగులు రావడం బలహీనత కాదు. ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం, ఊరికే కన్నీళ్లు రావడం రెండు వారాలు దాటి సాగితే, మోకాలి నొప్పి గురించి చెప్పినంత సూటిగా దాన్ని కూడా వైద్యులకు చెప్పండి. నొప్పి మాత్రలు వాడటం మీద సిగ్గు పడకండి. వ్యాయామానికి కొంచెం ముందు మాత్ర వేసుకుంటే అమ్మ మోకాలు ఎక్కువ వంచగలిగేది. బలమైన నొప్పి మందులు వారాల తరబడి వాడి ఉంటే మాత్రం ఒక్కసారిగా ఆపకుండా, వైద్యులు చెప్పిన తీరున తగ్గించుకోవాలి.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. మోకాలి కింద దిండు ఈ రాత్రి నుంచే తీసేస్తున్నాను. ఫిజియోథెరపిస్టు గారిని ఇంకొక్కటి అడగాలి. వంపు రానివారికి మత్తు ఇచ్చి మోకాలు వంచుతారని విన్నాను. నాకు అది అవసరమవుతుందా? ఏడాది గడిచినా ఇలాగే ఉంటే ఏమి చేయాలి?

సమాధానం 4 (ఫిజియోథెరపిస్టు)

ఆ ప్రక్రియ ఉందండీ. కీలు లోపల మచ్చ కణజాలం అతుక్కుపోయి, క్రమం తప్పకుండా వ్యాయామం చేసినా వంపు 90 డిగ్రీలకు చేరనప్పుడు, సాధారణంగా 6 నుంచి 12 వారాల మధ్య దాని గురించి ఆలోచిస్తారు. ఆ గడువు దాటాక మచ్చ గట్టిపడుతుంది కాబట్టి ఫలితం తగ్గుతుంది. అరుదుగా ఎముక విరగడం, స్నాయువు తెగడం వంటి ప్రమాదాలు ఉన్నాయి. తరువాత వెంటనే వ్యాయామం మొదలుపెట్టకపోతే వచ్చిన వంపు నిలవదు. మీది 95 కనుక చాలామంది శస్త్రవైద్యులు దానికి తొందరపడరు. అయినా మూడో నెలలో ఉన్నారు కాబట్టి నిర్ణయం ఏదైనా కాలం దాటిపోక ముందే తీసుకోవాలి. వచ్చే భేటీ దాకా ఆగకుండా ఈ వారమే ఫోన్ చేసి, వంపు గురించీ, చాపలేకపోతున్న సందు గురించీ రెండూ అడగండి.

ఏడాది సంగతికి వస్తే, మీకు సత్యమే చెప్పాలి. ఈ ఆపరేషన్ చేయించుకున్నవారిలో ఎక్కువమంది తృప్తిగా ఉంటారు గానీ, సుమారు ఐదుగురిలో ఒకరు నొప్పి మిగిలిందనో, ఆశించినంత ఫలితం రాలేదనో చెబుతారు. అలాంటప్పుడు ఎక్స్‌రే బాగుంది కదా అని వదిలేయకూడదు. కీలు వదులు కావడం, నెమ్మదిగా సాగే ఇన్ఫెక్షన్, తుంటి కీలు లేదా వెన్ను నుంచి మోకాలిలోకి వచ్చే నొప్పి, ఇవన్నీ ఒక్కొక్కటిగా వెతికి చూడాల్సినవి. కారణం తెలియకుండా మళ్లీ ఆపరేషన్‌కు ఒప్పుకోకండి. కానీ మూడో నెలలో ఉన్న మీరు ఆ ఐదుగురిలో ఒకరని అనుకోవడానికి ఇప్పుడు ఏ ఆధారమూ లేదు.

ఫోన్ చేసే ముందు ఒక పని చేయండి. వెల్లకిలా పడుకుని కాలు చాపి, మోకాలి వెనుక సందు ఎంత ఉందో ఇంట్లో ఎవరినైనా పక్క నుంచి ఫోటో తీయమనండి. కూర్చుని వీలైనంత వంచినప్పుడు మరొకటి, ఉదయం, సాయంత్రం వాపు తేడా తెలిసేలా రెండు కాళ్లూ కలిపి ఇంకొకటి తీయించండి. ఈ ఫోటోలు చూస్తే మీ వైద్యులకు విషయం త్వరగా అర్థమవుతుంది. వారు ఏమన్నారో ఇక్కడ రాయండి, దాన్ని బట్టి వ్యాయామాల క్రమం మార్చుకుందాం.