‘చికెన్ అవుట్’ను తెలుగు చేయడానికి కోడి అక్కరలేదు

మిత్రులకు నమస్కారం. అమెరికా సుంకాల వార్తను అనువదిస్తున్న ఒక సభ్యురాలు మొన్న ఇక్కడ ఒక ప్రశ్న వేశారు: ‘చికెన్ అవుట్’ అనే ఇంగ్లీషు మాటకు తెలుగేమిటి? ‘పిరికితనంతో వెనుదిరగడం’ అని నిఘంటువు అర్థం రాసుకున్నారట, వాక్యంలో పెడితే బిగువు రావడం లేదట. ఆ అసంతృప్తి న్యాయమైనదే. రెండు రోజులుగా ఈ మాట నన్నూ వదలలేదు.

ముందు ఇంగ్లీషులో దాని స్వభావం చూద్దాం. భయపడిన ప్రతివాడూ చికెన్ అవుట్ అయినట్టు కాదు. ముందు ఒప్పుకొని ఉండాలి, లేదా చేస్తానని పదిమందిలో చెప్పి ఉండాలి. తీరా సమయం వచ్చాక గుండె చాలక తప్పుకోవాలి. ఎత్తయిన బల్ల మీది నుంచి ఈతకొలనులోకి దూకుతానని నిచ్చెన ఎక్కి, పైనుంచి నీళ్ళు చూసి దిగివచ్చిన కుర్రవాడికి ఈ మాట వర్తిస్తుంది. మొదటినుంచీ నాకు భయమని ఒడ్డునే కూర్చున్నవాడికి వర్తించదు. ఎత్తుకోవడం, జంకడం, జారుకోవడం అనే మూడు మెట్లూ ఈ చిన్న మాటలో ఉన్నాయి. నిఘంటువు అర్థంలో మొదటి మెట్టు లేదు, వాక్యం చప్పబడింది అందుకే.

ఇంగ్లీషులోనే దీనికి దగ్గరి మాటలు చాలా ఉన్నా అన్నీ ఒకటి కావు. ‘బ్యాక్ అవుట్’లో కారణం భయమే కానక్కరలేదు, డబ్బు చాలక ఒప్పందం నుంచి తప్పుకున్నా ఆ మాట సరిపోతుంది. ‘కాప్ అవుట్’లో బాధ్యత ఎగవేసిన నింద ఉంది. ‘విమ్ప్ అవుట్’ దాదాపు సమానార్థకం. బ్రిటన్‌లో ‘బాటిల్ అవుట్’ అంటారు, అక్కడి వాడుకలో బాటిల్ అంటే ధైర్యం. వీటన్నిటిలో ‘అవుట్’ ఒక్కటే నిలకడగా ఉంది గమనించండి. ఒప్పుకున్న పని నుంచి బయటపడటాన్ని చెప్పేది అదే. ఎలా, ఎందుకు బయటపడ్డాడో ముందున్న మాట చెబుతుంది.

తెలుగులో ఇలాంటి పని సహాయక క్రియలు చేస్తాయి. జారుకొను, తప్పుకొను, తప్పించుకొను, మానుకొను అన్నప్పుడు ఆ ‘కొను’ తన క్షేమం తాను చూసుకున్న మనిషిని చూపిస్తుంది. మొహం చాటేశాడు, చేతులెత్తేశాడు అన్నప్పుడు ‘వేయు’ ఆ పనిని ఒక్కసారిగా ముగించేస్తుంది. నీరుగారిపోయాడు అన్నప్పుడు ‘పోవు’ మనిషి చేతిలో లేని పతనాన్ని చెబుతుంది. ఇంగ్లీషు ఒక్క ‘అవుట్’తో సరిపెట్టుకున్న చోట మనకు మూడు ఛాయలు దొరుకుతున్నాయి. తెలుగులో ఇలాంటి మాటలకు సమానార్థకాలు లేవని ఎవరైనా అంటే నాకు బాధ కలిగేది ఇందుకే.

ఇక కోడి సంగతి. పిరికివాణ్ణి కోడిపిల్ల అనడం ఇంగ్లీషులో షేక్‌స్పియర్ కాలం నాటికే ఉంది. మన దగ్గర ఆ పోలిక నిలవదు. తెలుగువాడి మనసులో కోడి అంటే పోరు. పల్నాటి కథలో బ్రహ్మనాయుడి పక్షం, నాగమ్మ పక్షం తలపడింది కోడిపోరులోనే. అందులో ఓడినవారు రాజ్యం విడిచి వెళ్ళవలసి వచ్చింది, ఆ పగ చివరికి కారెంపూడి యుద్ధభూమికి చేరింది. పందెపు కోళ్ళకు డేగ, నెమలి, కాకి అని రంగును బట్టి పేర్లు పెట్టుకున్న జాతి మనది. ఇంట్లో తిరిగే పెట్ట కూడా పిల్లల మీదికి గద్ద వాలితే రెక్కలు విప్పి ఎదురు తిరుగుతుంది. కాబట్టి ‘కోడిలా పారిపోయాడు’ అని రాస్తే చదివేవారికి అర్థమూ కాదు, మనసుకూ పట్టదు. అనువాదంలో పక్షిని వదిలిపెట్టి మనిషి భంగిమను పట్టుకోవాలి.

తెలుగు పిరికితనాన్ని ఒంట్లో చూపిస్తుంది. ‘వెనుకంజ’లోని అంజ అంటే అడుగు, ముందంజలో ఉన్నదీ అదే. ‘వెన్నుచూపడం’, ‘మడమ తిప్పడం’ యుద్ధం నుంచి వచ్చిన మాటలు, వాటిలో ఇప్పటికీ పౌరుషం వినిపిస్తుంది. ‘తోక ముడవడం’లో కుక్క ఉంది కనుక అవమానం ఎక్కువ. ‘కాలికి బుద్ధి చెప్పడం’ నాకు అన్నిటికంటే ఇష్టమైనది, కానీ అది నిజంగా పరుగెత్తినప్పుడే ఒప్పుతుంది. ‘పలాయనం చిత్తగించడం’లో చిత్తగించు అన్నది దొరల పట్ల వాడే మర్యాద మాట, పారిపోయినవాడికి ఆ గౌరవం తగిలించేసరికి ఎత్తిపొడుపు పుట్టింది. మరొకరు జంకేలా చేయడానికీ మనకొక మాట ఉంది: పిరికిమందు పోయడం. దీనికి సాటి వచ్చే ఒక్క మాట ఇంగ్లీషులో నాకు కనబడలేదు.

మూడు మెట్లూ ఉన్న తెలుగు మాట కావాలంటే విరాటపర్వానికి వెళ్ళాలి. అంతఃపురంలో ఆడవారి ఎదుట, మంచి సారథి ఉంటే కౌరవులను ఒక్కణ్ణే గెలుస్తానన్నాడు ఉత్తరుడు. బృహన్నల రథం తోలింది. ఎదుట సేన కనబడగానే రథం దూకి పరుగు తీశాడు. ఎత్తుకోవడం, జంకడం, జారుకోవడం అన్నీ అక్కడ ఉన్నాయి. ‘ఉత్తరకుమార ప్రగల్భాలు’ అని మనం ఇప్పటికీ అంటున్నాం. అయితే ఆ పేరు అతనికి కొంత అన్యాయం చేసిందని నా అభిప్రాయం. అర్జునుడు పట్టి తెచ్చాక అదే యుద్ధంలో అతనే సారథిగా నిలిచాడు. పారిపోయినది గుర్తుంచుకున్న లోకం తిరిగి వచ్చినది మరిచిపోయింది.

ఇప్పుడు ఆ వార్త. ట్రంప్ 2025 ఏప్రిల్ 2న ప్రకటించిన సుంకాలలో చాలావాటిని 9న 90 రోజులపాటు ఆపారు. ఆ నేపథ్యంలో ఫైనాన్షియల్ టైమ్స్ వ్యాఖ్యాత రాబర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్ ‘ట్రంప్ ఎప్పుడూ చికెన్ అవుట్ అవుతారు’ అనే అర్థమిచ్చే ‘Trump Always Chickens Out’ అన్న ఇంగ్లీషు వాక్యంలోని మొదటి అక్షరాలు కలిపి ‘టాకో’ (TACO) అనే మాట కట్టారు. ఐరోపా సమాఖ్యపై జూన్ 1 నుంచి 50 శాతం సుంకం అని ట్రంప్ మే 23న చెప్పి, రెండు రోజులకే జూలై 9కి వాయిదా వేశాక అది మరింత వ్యాపించింది. మే 28న విలేఖరి ఈ మాట ఎత్తితే, దాన్ని బేరమాడటం అంటారని ట్రంప్ కోపంగా బదులిచ్చారు.

అనువాదకులు ఆగి చూడవలసినది ఇక్కడే. చికెన్ అవుట్ అనేది నిందించేవాడి మాట, జరిగిన పనిని తటస్థంగా చెప్పే మాట కాదు. పత్రిక తన గొంతుతో రాసే వాక్యంలో ‘వెనక్కి తగ్గారు’ అనే ఉండాలి. విమర్శకుడి నోటి మాటగా ఇచ్చేటప్పుడు ‘బెదిరించడం, ఆఖరికి తోక ముడవడం ఆయనకు అలవాటే’ అని రాయవచ్చు. బెదిరింపును కూడా చేర్చానని ఎవరైనా అభ్యంతరం చెబితే, ఆ మొదటి మెట్టు మూలంలోనే ఉందని నా సమాధానం.

చేర్పు: ‘జంకాడు’ ఒక్కటీ చాలదా అని కింద ఒకరు అడిగారు. చాలదండీ. జంకినవాడు జంకుతూనే దూకవచ్చు. ‘దూకుతానని ఎక్కి, జంకి దిగివచ్చాడు’ అనండి.