విజయవాడని ముంచిన బుడమేరు అనే ఏటికి యజమాని ఎవరు? వరద పోయాక పనులు చూడ్డానికి ఒకటే అథారిటీ ఉండాలా, వద్దా?

సింగ్‌నగర్ చిన్నోడు:
2024 సెప్టెంబర్ 1, ఆదివారం. విజయవాడ సింగ్‌నగర్‌లో మా వీధిలోకి నీళ్ళొచ్చేటప్పటికి వాన దాదాపు ఆగిపోయింది, అదే మాకు అర్థం కాలేదు, వాన లేకుండా నీళ్ళేంట్రా అని మెట్ల మీద నించుని చూస్తా ఉన్నాం, రెండో మెట్టు, మూడో మెట్టు, ఇక ఫ్రిజ్‌ని మంచం మీదకి ఎక్కిద్దాం అనుకునేలోపు మంచమే తేలింది. తర్వాత మూడ్రోజులు పక్కింటోళ్ళ డాబా మీదే. డ్రోన్ వచ్చి ప్యాకెట్ వేస్తే పిల్లలు చప్పట్లు కొట్టారు, మా నాన్న మాత్రం తాగే నీళ్ళేవిరా అన్నాడు.

సరే, రెస్క్యూ గురించి కాదు నేను రాసేది. ఆ పది రోజులు పని జరిగింది, ఒప్పుకుంటా. ముఖ్యమంత్రి కలెక్టరేట్‌లోనే మకాం వేశాడు, ఇరిగేషన్ మంత్రి కట్ట తెగి గండి పడ్డ చోటే ఉన్నాడు, ఆర్మీ వచ్చి ఇనప బుట్టల్లో రాళ్ళు నింపింది, బురద కడగడానికి వేరే ఊళ్ళ నుంచి ఫైరింజన్లు వచ్చాయి. అన్ని డిపార్ట్‌మెంట్లూ ఒకే గదిలో కూర్చున్నాయి కాబట్టి అయింది. గండ్లు పూడ్చారు, గది ఖాళీ అయింది. ఇప్పుడు ఎవర్ని అడగాలి? బుడమేరు నీళ్ళని కృష్ణలోకి మళ్ళించే చానల్ ఇరిగేషన్‌ది, ఊళ్ళో డ్రైన్లు కార్పొరేషన్‌వి, ఏటి మీద వంతెనల్లో కొన్ని రైల్వేవి కొన్ని హైవే వాళ్ళవి, ఆక్రమణల లెక్క రెవెన్యూది, ఇబ్రహీంపట్నం దగ్గర థర్మల్ స్టేషన్ జెన్‌కోది, చివరికి నీళ్ళు చేరే కొల్లేరు అటవీశాఖది. ఒక ఏరుకి ఏడుగురు మొగుళ్ళు, కాపురం చేసేవాడు ఒక్కడూ లేడు. నా వాదన ఒకటే: వరద పోయాక బాగుచేసే పని, మళ్ళీ రాకుండా చూసే పని, రెండూ ఒక్క అథారిటీ చేతిలో ఉండాలి, డబ్బుతో సహా. మీరేమంటారు?

రిటైర్డ్ ఏఈ:
తమ్ముడూ, అసిస్టెంట్ ఇంజనీరుగా చేసినోణ్ణి చెప్తున్నా, నీ బాధ న్యాయమే గానీ మందు తప్పు. ఇంకో అథారిటీ అంటే ఇంకో బోర్డు, ఇంకో ఇన్నోవా కారు. చట్టంలో లేక కాదు. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం రాష్ట్ర అథారిటీకి ముఖ్యమంత్రే ఛైర్మన్, దాని కింద ప్రధాన కార్యదర్శి కమిటీ, జిల్లాలో కలెక్టర్. కుర్చీలన్నీ ఉన్నాయి.

అసలు ఏరు సంగతి విను. మైలవరం వైపు కొండల మీద పడ్డ వాన బుడమేరుగా దిగి వెలగలేరు రెగ్యులేటర్ దగ్గరికొస్తుంది. అక్కణ్ణుంచి రెండు దార్లు. ఒకటి డైవర్షన్ చానల్, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుస్తుంది. రెండోది పాత ఏరు, మీ సింగ్‌నగర్ పక్కగా కొల్లేరు పోతుంది. ఆ రోజు ఏమైంది? ఏట్లో వరద, కృష్ణలో కూడా వరద. బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, ఎప్పుడూ చూడనంత. నదే నిండుకుని ఉంటే చానల్ నీళ్ళు ఎక్కడ కలుస్తాయి? వెనక్కి తన్నుతాయి, కట్ట తెగుద్ది. తెగింది, మూడు చోట్ల. ఏ అథారిటీ అయినా కృష్ణకి నోటీసిచ్చి తగ్గమంటుందా?

కాబట్టి పాత ఏరు కూడా పారాలి. పాత ఏట్లో ఏమున్నాయి? ఇళ్ళు. వాటికి కరెంటు మీటర్లు ఎవరిచ్చారు, ఇంటిపన్ను రసీదులు ఎవరు కోశారు? గవర్నమెంటే. ఇది సమన్వయం సమస్య కాదయ్యా, ఓట్ల సమస్య.

భీమిలి మాస్టారు:
ఏఈ గారూ, ఓట్లు ఒడిశాలో మాత్రం లేవా అండీ? 1999 అక్టోబర్ సూపర్ సైక్లోన్‌లో దాదాపు 10 వేల మంది పోయారు. ఆ దెబ్బతో అదే ఏడాది డిసెంబర్‌లో ప్రత్యేక విపత్తు అథారిటీ పెట్టారు, దేశంలో చట్టం వచ్చింది ఆరేళ్ళ తర్వాత. 2019 ఫొని తుపానుకి 12 లక్షల మందిని ముందే ఖాళీ చేయించారు. అక్కడ ఒక చిన్న కిటుకుంది, రిలీఫ్ కమిషనరే చాలాసార్లు ఆ అథారిటీకి ఎండీగా కూడా ఉంటాడు. అంటే బియ్యం పంచేవాడూ షెల్టర్ కట్టేవాడూ ఒక్కడే. షెల్టర్ సరిగ్గా కట్టకపోతే రేపు బియ్యం పంచాల్సిన తలనొప్పి తనదే. హుద్‌హుద్ తుపాను 2014లో మా విశాఖ దగ్గర కూడా కరెంటు, చెట్లు, రోడ్లు బ్రహ్మాండంగా తేల్చారు, కాదనను, కానీ అది మనుషుల గొప్ప, వ్యవస్థది కాదు. ఆ మనుషులు బదిలీ అయిపోతే?

మున్నేరు పోరడు:
మా ఖమ్మం ముచ్చట కూడా ఇనుండ్రి. అదే సెప్టెంబర్ 1. మున్నేరు పొంగి ప్రకాశ్ నగర్ బ్రిడ్జి మీద తొమ్మిది మంది ఇరుక్కున్నరు, పొద్దంతా హెలికాప్టర్ వస్తది వస్తది అన్నరు, రాలే. ఆఖరికి ఒక జేసీబీ డ్రైవర్ పోయి తోల్కొచ్చిండు. గా రోజు మాకు కావాల్సింది అథారిటీ కాదన్నా, దగ్గర్ల ఒక పడవ, ఈతగాండ్లు, ఫోన్ ఎత్తే మనిషి. ఇగ ఒకటే ఏజెన్సీ అంటరా, హైదరాబాద్‌ల హైడ్రా పెట్టిన్రు 2024 జూలైల. చెరువులు కాపాడుడు, విపత్తు, రెండూ దానికే ఇచ్చిన్రు. కొన్ని చెరువులు బాగైతున్నయ్, నిజమే, కానీ బుల్డోజర్ పోయిన కాడల్లా కోర్టు కేసు, గరీబోళ్ళ ఏడుపు. మీ బుడమేరుకి గిదే వస్తది, చూస్కోండ్రి.

లెక్కల పిచ్చోడు:
అందరూ అధికారం గురించే మాట్లాడుతున్నారు, డబ్బు ఎక్కడ ఆగుతుందో చూడట్లేదు. 15వ ఆర్థిక సంఘం 2021-26కి రాష్ట్రాల విపత్తు నిధిని ఇలా చీల్చింది: వందలో 80 స్పందన నిధికి, 20 ముప్పు తగ్గించే నిధికి. ఆ 80లో మళ్ళీ 40 సహాయానికి, 30 పునర్నిర్మాణానికి, 10 సన్నద్ధతకి. మామూలు రాష్ట్రాలకి కేంద్రం 75, రాష్ట్రం 25 పెట్టుకోవాలి. కాగితం మీద చక్కగా ఉంది కదా. కానీ ఆ వరదప్పటి కేంద్రం రేట్ల ప్రకారం ఇల్లు మునిగిన కుటుంబానికి బట్టలకి 2,500, సామాన్లకి 2,500. ఐదు వేలకి ఇవాళ ఒక గ్యాస్ స్టవ్వూ రెండు పరుపులూ రావు. అందుకే ఇక్కడ కింద అంతస్తుకి 25 వేలు, పైవాళ్ళకి 10 వేలు అని ప్రభుత్వం పెంచి ఇచ్చింది, మంచిదే. కానీ ఇలా పెంచిన ప్రతిసారీ ఆ తేడా రాష్ట్రం ఎక్కణ్ణుంచో సర్దుకోవాలి, సర్దుబాటులో మొదట ఎగిరేది కట్ట పని. బురదలో నించున్న మనిషికి చెక్కు ఇస్తే పేపర్లో ఫొటో వస్తుంది, కట్టకి రెండడుగుల మట్టి వేస్తే ఏ ఫొటో వస్తుంది?

సింగ్‌నగర్ చిన్నోడు:
@లెక్కల పిచ్చోడు, ఆ 25 వేల కథ నేను చెప్తా. సర్వేకి ఒకబ్బాయి ట్యాబ్ పట్టుకుని వచ్చాడు, పాపం వాడూ రెండ్రోజులుగా నిద్ర లేనట్టున్నాడు. మేం అద్దెకుంటాం. మునిగింది మా సామాను, ట్యాబ్‌లో పడింది ఇంటి ఓనరు పేరు. ఓనరేమో హైదరాబాద్‌లో. సరిచెయ్యమని ఒక ఆఫీసుకి వెళ్తే పన్ను రికార్డు మాది కాదు ఇంకో ఆఫీసన్నారు, అక్కడికెళ్తే సర్వే మేం చెయ్యలేదు మొదటి ఆఫీసే అన్నారు. మొత్తం నాలుగుసార్లు తిరిగా, చివరికి డబ్బొచ్చింది అనుకోండి. గోడ మీద నీటి గీత మాత్రం ఇప్పటికీ ఉంది, స్విచ్ బోర్డుకి జానెడు పైన, సున్నం వేసినా మళ్ళీ పైకి తేలుతుంది. ఏఈ గారూ, సమన్వయం సమస్య కాదన్నారు. మరి ఇదేంటి సార్?

కైకలూరు చేపలు:
మధ్యలో దూరుతున్నా ఏమనుకోకండి. మీరంతా పాత ఏరు పారాలి పారాలి అంటున్నారు, ఆ నీళ్ళొచ్చి పడేది మా నెత్తిన. కొల్లేరు నుంచి సముద్రానికి ఉప్పుటేరు ఒక్కటే దారి, అది పూడిపోయి ఉంది. 2006లో సరస్సులో చేపల చెరువుల గట్లు కొట్టారు, మళ్ళీ లేచాయి, ఎలా లేచాయో అందరికీ తెలుసు (నాకూ తెలుసు, నా పేరు చూసి నవ్వకండి). బెజవాడకి మేలు చేసే ప్లాన్ వేస్తే దాన్ని కైకలూరులో కూడా చదివి వినిపించండి, అంతే నా కోరిక.

కృష్ణలంక రాజు:
మా వైపు కృష్ణ ఒడ్డున రిటైనింగ్ వాల్, అదే వరద అడ్డుగోడ, ఉంది కాబట్టి అంత కృష్ణ వచ్చినా ఇళ్ళల్లోకి రాలేదు. ముందుగా ఖర్చుపెడితే ఏమొస్తుందో చూడాలంటే మా గోడ చూడండి. ఎవరు కట్టారు అని మాత్రం మొదలుపెట్టకండి దయచేసి, ఆ గొడవకి వేరే థ్రెడ్‌లో ఇప్పటికే 400 కామెంట్లు ఉన్నాయి.

రిటైర్డ్ ఏఈ:
చిన్నోడూ, నీ సర్వే సంగతి విన్నాక ఒక మెట్టు దిగుతా. అది సమన్వయం సమస్యే. నా సర్వీసులో కూడా చూశా, వరదల మీటింగ్ అంటే మేం మా మ్యాపు తెచ్చేవాళ్ళం, రెవెన్యూ వాళ్ళ మ్యాపు తెచ్చేది, రెండిట్లో ఏరు రెండు చోట్ల ఉండేది! మీటింగంతా ఏ మ్యాపు కరెక్టు అనే దానితోనే టీ తాగి అయిపోయేది. అందుకే అంటున్నా, కొత్త అథారిటీ వద్దు, ఉన్నదానికి రెండు పళ్ళు పెట్టండి. ఒకటి, అందరికీ ఒకటే మ్యాపు, రాష్ట్ర అథారిటీ సంతకంతో. రెండు, ఏరు అడ్డం కట్టే ఏ పనికైనా, వంతెన కానీ పైపు కానీ లేఅవుట్ కానీ, వాళ్ళ ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం, లేకుండా బిల్లు పాస్ కాకూడదు. బిల్లు ఆగితే కాంట్రాక్టరే అందర్నీ సమన్వయం చేస్తాడు, నేను గ్యారంటీ.

ఇంకోటి, 2025లో చట్టం సవరించారు. కార్పొరేషన్ ఉన్న నగరాలకి పట్టణ విపత్తు అథారిటీ పెట్టుకోవచ్చు, కమిషనర్ ఛైర్మన్, కలెక్టర్ వైస్ ఛైర్మన్. నువ్వడిగిన అథారిటీ వచ్చేసినట్టే కదా?

సింగ్‌నగర్ చిన్నోడు:
రాలేదు సార్. మా కమిషనర్ హద్దు ఎక్కడిదాకా? వెలగలేరు ఊళ్ళో లేదు, గండ్లు పడ్డ కవులూరు వైపు లేదు, కొల్లేరు అసలే లేదు. గండి పడింది ఊరి బయట, మునిగింది ఊరు. నగరం గీత దాకే చూసే అథారిటీకి ఆ రోజు నీళ్ళు మా వీధి చివర కనపడ్డప్పుడే తెలిసేది, మాకు తెలిసినప్పుడే. ఏరు మొదట్నుంచి చివరిదాకా ఒకళ్ళే చూడాలి, నేను అడిగేది అది. మీ ఎన్‌ఓసీ ఐడియా మాత్రం నచ్చింది, కాజేస్తున్నా.

భీమిలి మాస్టారు:
అంటే ఏరు పొడుగునా ఒక అథారిటీ, దానికి బిల్లు ఆపే పవరు. ఇద్దరూ ఒకటే చెప్తున్నారండీ, కుర్చీ పేరు దగ్గరే గొడవ.

రిటైర్డ్ ఏఈ:
ఒకటి కాదు మాస్టారూ. ఆయనకి కొత్త ఆఫీసు కావాలి, నాకు పాత ఆఫీసులో పని కావాలి.

మున్నేరు పోరడు:
గదంతా సరే అన్నా, మళ్ళ వానకాలం వస్తాంది. పూడ్చిన కట్ట ఇప్పుడెట్లున్నదో ఎవలన్న చూసిన్రా?

కొండపల్లి బొమ్మ:
మాది ఆ పక్కనే. ఆదివారం బండేసుకుని కట్ట మీద వెళ్ళొస్తా, మూడు గండ్ల దగ్గరా ఫొటోలు తీసి ఇక్కడే పెడతా. ఏఈ గారూ, దేన్ని చూడాలో చెప్పండి, నాకు కట్టంటే మట్టి కుప్పలాగే కనపడుద్ది.

రిటైర్డ్ ఏఈ:
నీళ్ళ వైపు రాళ్ళ తాపడం జారిందేమో చూడు. బయటి వైపు పాదం దగ్గర చెమ్మ ఉందేమో చేత్తో తాకి చూడు. ఎలక బొరియలు కనపడితే లెక్కపెట్టు. చెప్పులు కాదు, బూట్లు వేసుకెళ్ళు, పాములుంటాయి.